అడ్డా మీద పన్నెండు ప్రభుత్వాలు

పొద్దున ఆరింటికి కరీంనగర్‌లోనో కోరుట్లలోనో లేబర్ అడ్డా దగ్గర నిలబడి చూడండి. సద్ది డబ్బా పట్టుకుని పనికోసం ఎదురుచూసే వాళ్లలో చాలామందికి సంతకం చెయ్యడమే గగనం. అయినా ఆ రోజు కూలి ఎంతన్నది వాళ్లు వాళ్లు ముందే ఒక మాట అనుకుని ఉంటారు. మేస్త్రీ ఆశపెట్టాడని ఎవడన్నా వంద తక్కువకు బండెక్కబోతే వెనకనుంచి కాలర్ పట్టి దింపుతారు. "నీ ఒక్కనికేనా పిల్లలున్నది?" అని నిలదీస్తారు. దీనికో డిక్లరేషన్ లేదు, గ్రూప్ ఫొటో లేదు.

ఈ పనే నేర్చుకోవడానికి ఆసియా ప్రభుత్వాలు 2003 నుంచి తంటాలు పడుతున్నాయి. గల్ఫ్‌కూ ఇతర దేశాలకూ మనుషుల్ని పంపే దేశాలు కలిసి కొలంబో ప్రాసెస్ అని ఒక వేదిక పెట్టుకున్నాయి. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వగైరా మొత్తం పన్నెండు. తాము మాత్రమే కూర్చుంటే బాగుండదని 2008లో పనికి పిలిపించుకునే దేశాలనూ కలుపుకుని అబుదాబి డైలాగ్ మొదలెట్టారు. రెండింటిలోనూ ఒక సౌకర్యం ఉంది: ఏం తీర్మానించినా దానికి కట్టుబడాలని ఎవరికీ బలవంతం లేదు. సార్క్ నేతలు కూడా 2014 నవంబరులో ఖాట్మండులో, వలస కార్మికుల క్షేమానికి సహకరించుకుంటామని డిక్లరేషన్ రాసుకున్నారు. ఆ సహకారం ఎంతవరకొచ్చిందో వచ్చే శిఖరాగ్ర సభలో తేల్చుకుందామంటే ఆ సభే ఇప్పటిదాకా జరగలేదు.

సరే, మాటలు అలా ఉంచి రేటు దగ్గరికొద్దాం. ఇళ్లలో పనిచేసే తమ ఆడవాళ్లకు నెలకు 400 డాలర్లకు తగ్గకూడదని ఫిలిప్పీన్స్ 2006లో పట్టుబట్టింది. ఇండోనేషియా కూడా తమవాళ్ల భద్రత సంగతేమిటని అడిగింది. 2011లో సౌదీ ఆ రెండు దేశాల పనిమనుషులకు వీసాలు ఆపేసి, వేరే దేశాల వైపు చూసింది. అడ్డా మీద కూలీలైతే ఆ పూట ఎవరూ బండెక్కరు. ఇక్కడ మాత్రం ఇద్దరు దిగిన చోట మిగతావాళ్లు సర్దుకుని కూర్చోవడానికి సిద్ధం. 2014 జనవరిలో పనిమనుషుల నియామకం మీద సౌదీతో మనమే ఒప్పందం చేసుకున్నాం.

మనకూ ఒకసారి పౌరుషం వచ్చింది, కాదనను. కడప, గోదావరి జిల్లాల నుంచి ఖద్దామా (ఇంటి పనిమనిషి) పనికి కువైట్ వెళ్లే ఆడవాళ్ల కోసం యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలన్నాం. జీతం ఎగ్గొట్టినా, నడిరోడ్డు మీద వదిలేసినా అక్కరకొస్తుందని. కువైట్‌కు కోపం వచ్చింది, మనవాళ్లను తీసుకోవడం మానేసింది. 2017లో ఆ గ్యారంటీని మనమే ఎత్తేశాం. పౌరుషానికి కూడా వీసా గడువు ఉంటుంది మరి.

ఇక 2020 సెప్టెంబరు. పదో తరగతి పాస్ కాని కార్మికుడికి ఇంతకంటే తక్కువ జీతమంటే పంపం అని మన ప్రభుత్వం దేశాలవారీగా ఒక కనీస రేటు పెట్టుకుంటుంది. కరోనా కాలంలో గల్ఫ్ దేశాలకు ఆ రేటును 30 నుంచి 50 శాతం దాకా కోసేశారు. చాలా చోట్ల అది 200 డాలర్లకు దిగింది. యజమానులు తగ్గించమని బతిమాలితే తగ్గించడం లోకంలో ఉన్నదే. కూలివాడి తరఫున బేరానికి వెళ్లినవాడే ముందు రేటు తగ్గించడం మాత్రం మన దౌత్యానికే చెల్లింది. ఉద్యోగాలు పోకుండా కాపాడటానికట. తెలంగాణ హైకోర్టులో పిల్ పడింది, గల్ఫ్ సంఘాలు గొడవ చేశాయి, 2021 జూలైలో పాత రేట్లు మళ్లీ వచ్చాయి. ఈ మధ్యలో తక్కువ రేటు కాగితం మీద విమానమెక్కినవాడి బేసిక్ జీతం, దాన్ని బట్టి లెక్కకట్టే గ్రాట్యుటీ ఏ రేటుకు అతుక్కున్నాయో వాడికే తెలియాలి.

ఊళ్లో ఏజెంటుకు ఈ గొడవేమీ అంటదు. చట్టం ప్రకారం అతను తీసుకోగల ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అతను ఆ అంకెకు ముందు మూడు వేళ్లు చూపించి, తర్వాత చెయ్యంతా చూపించి, లక్ష దాటాక ఆగుతాడు. జీతం సంగతి అడిగితే, "ఈడి కాయితం ఈడికే అన్నా. ఆడ దిగినంక అరబ్బీ కాయితం మీద సంతకం పెడ్తవు, అదే లెక్క" అంటాడు. కొలంబో ప్రాసెస్ కంటే ఈయన మాట ఎక్కువ నిజమయ్యేది అందుకే.

2024 మేలో ఆ కొలంబో ప్రాసెస్‌కు తొలిసారి మనం అధ్యక్షులమయ్యాం. ఇరవై ఏళ్లు దాటాక దక్కిన గౌరవం కాబట్టి నాకూ ఒక సలహా ఇవ్వాలనిపిస్తోంది.

గల్ఫ్‌లో ఏ లేబర్ క్యాంపుకైనా వెళ్లండి. ఒకే గదిలో సిరిసిల్ల మనిషి, నేపాలీ, బంగ్లాదేశీ, పాకిస్తానీ. మంచం మీద మంచం, మధ్యలో తాడు మీద ఆరేసిన డ్యూటీ బట్టలు, మూలన ఒక రైస్ కుక్కర్. పని ఒకటే అయినా పాస్‌పోర్టును బట్టి జీతం మారుతుంది, ఆ తేడా అందరికీ తెలుసు. అయినా ఒకడి అకామా (నివాస అనుమతి) గడువు అయిపోయి కాగితాల్లేని ఖల్లివెల్లి అయితే మిగతావాళ్లు వాడి ఖుబ్బూస్ రొట్టెల ఖర్చు పంచుకుంటారు. ఎవడైనా పోతే శవాన్ని ఇంటికి పంపడానికి అన్ని దేశాలవాళ్లూ చందా వేసుకుంటారు. ప్రాంతీయ సహకారం అంటే సార్క్ రాసుకున్నది బహుశా ఇదే.

కాబట్టి ఈసారి సమావేశం స్టార్ హోటల్లో కాకుండా ఆ గదిలో పెట్టించండి. మంచాలు ఎనిమిదే, ప్రతినిధి దేశాలు పన్నెండు. షిఫ్టుల్లో పడుకోవాలి. ఎలా పడుకోవాలో గదిలో వాళ్లే చూపిస్తారు.