ఇరవైకి పదకొండు వస్తే ఏడవాలా, నవ్వాలా?

డోవర్ దగ్గర ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య ఉన్న సముద్రం 33 కిలోమీటర్లు. ఆ మాత్రం నీళ్లకి అటొకరూ ఇటొకరూ నిలబడి 1337లో మొదలెట్టిన యుద్ధాన్ని 1453 దాకా లాగారు. లెక్కకి నూట పదహారేళ్లు. చరిత్రకారులు పోనీలెమ్మని ఆ పదహారూ కొట్టేసి నూరేళ్ల యుద్ధమన్నారు. అంత వైరం నడిపినవాళ్ల పిల్లల్ని తెచ్చి ఒకే హాస్టల్లో పెడితే ఏమవుతుంది? ఆ యుద్ధంలో ఫ్రెంచి సేనని నడిపిన జోన్ ఆఫ్ ఆర్క్ ఊసెవరూ ఎత్తరు. నెపోలియన్ ఓడిన వాటర్లూ సంగతి ఎవరికీ పట్టదు. తగువులన్నీ ఫ్రిజ్ దగ్గర, కుళాయి దగ్గర, మార్కుల కాగితం దగ్గర.

ఇలా కలిపి ఉంచడం ఇవాళ్టి ఆలోచన కాదు. పారిస్ దక్షిణపు అంచున విద్యార్థుల కోసమే కట్టిన పేట ఒకటుంది, సితే యూనివర్సిటేర్. అందులో మొదటి భవనం 1925లో తెరుచుకుంది. 1937లో ‘కొలేజ్ ఫ్రాంకో-బ్రిటానిక్’ వచ్చింది. పేరుకి కాలేజీ, పని మాత్రం హాస్టలుది. లండన్ కింగ్స్ కాలేజీ, పారిస్ పాంతియోన్-సోర్బాన్ విశ్వవిద్యాలయం కలిసి 1978 నుంచి న్యాయశాస్త్రం చెబుతున్నాయి. రెండేళ్లు ఆ ఊళ్లో, రెండేళ్లు ఈ ఊళ్లో. 1987లో యూరప్ దేశాలు విద్యార్థుల్ని ఇచ్చిపుచ్చుకునే ఎరాస్మస్ పథకం వచ్చాక మామూలు పిల్లలకీ ఈ యోగం పట్టింది.

మొదటి దెబ్బ మార్కుల్లో తగులుతుంది. ఇంగ్లీషు యూనివర్సిటీలో నూటికి 70 వస్తే ఫస్ట్ క్లాసు. 60 వస్తే అప్పర్ సెకండు, 40 తెచ్చుకుంటే గట్టెక్కినట్టే. ఫ్రాన్సులో లెక్క ఇరవైకి. పదికి పాసు, 12కి పర్వాలేదు, 14కి బాగుంది, 16కి చాలా బాగుంది. మరి మిగతా నాలుగూ ఎవరి కోసం దాచారయ్యా అంటే అక్కడి మేష్టర్ల దగ్గర ఓ పాత సమాధానం ఉంది: ఇరవై దేవుడికి, పంతొమ్మిది మేష్టారికి.

పారిస్ వెళ్లిన ఇంగ్లీషమ్మాయికి ఇరవైకి పదకొండు వచ్చిందనుకోండి. ఐదుతో హెచ్చవేసి, యాభై అయిదు, లోయర్ సెకండు, బతుకు బుగ్గయిందని గదిలో తలుపేసుకుంటుంది. పక్క గదిలో అదే పదకొండు వచ్చిన ఫ్రెంచి కుర్రాడు సీసా మూత తీస్తుంటాడు. మరుసటి ఏడు వేషాలు మారతాయి. లండన్‌లో అతనికి నూటికి 68 వస్తుంది. ఇరవైకి పదమూడున్నర పైమాటే కదా అని ఇంటికి ఫోన్ చేసి చెప్పుకుంటాడు. ఇంగ్లీషు మిత్రులేమో రెండు మార్కుల్లో ఫస్ట్ క్లాసు పోయిందే అని పరామర్శకి వస్తారు. ఇంటర్లో వెయ్యికి 980 తెచ్చినా ‘ఆ ఇరవై ఎక్కడ పోయాయిరా’ అని అడిగే మన నాన్నలకి ఈ రెండు దేశాల్లో ఎక్కడా ప్రవేశం కల్పించకపోవడమే మంచిది.

పరీక్షకి బయల్దేరే ఫ్రెంచి విద్యార్థిని చూస్తే వ్రతం చేయించడానికి వెళ్లే పురోహితుడు గుర్తొస్తాడు. సంచీలో అన్నీ ఉండాలి. ఇంకు పెన్ను, ఆ ఇంకుని చెరిపే ఇంకో పెన్ను, నాలుగు రంగుల బిక్ పెన్ను, శీర్షికల కింద గీత గీయడానికి స్కేలు. కాగితం కూడా మామూలుది కాదు. ఎనిమిది మిల్లీమీటర్ల గళ్లు, ఆ గళ్లలో రెండేసి మిల్లీమీటర్ల ఎడంతో సన్న గీతలు. పొంత్వాజ్ ఊళ్లో పుస్తకాలమ్ముకునే సెయెస్ అనే ఆయన 1892లో పేటెంటు చేయించిన పద్ధతి అది. దేశంలో పిల్లలంతా ఆ గళ్ల మీదే అక్షరాలు దిద్దుతారు. పక్క బల్ల దగ్గర ఇంగ్లీషు కుర్రాడు ఒక్క బాల్‌పెన్నుతో వచ్చి కూర్చుంటాడు. అది సగంలో ఆగిపోతే ఎవరిని అడగాలో అతనికి తెలుసు.

ఆ కాగితం మీద రాసే తీరు మరీ దూరం. ఫ్రెంచివాడికి వ్యాసమంటే ముందు ఒక వాదం, తర్వాత దానికి ఎదురు వాదం, ఆపైన రెండింటికీ రాజీ. లా విద్యార్థులకైతే సరిగ్గా రెండు భాగాలు, ఒక్కో దాంట్లో మళ్లీ రెండు. మూడో భాగం పెట్టినవాడు అపచారం చేసినట్టే. ఇంగ్లీషు పద్ధతిలో మొదటి పేరాలోనే నీ అభిప్రాయం చెప్పెయ్యాలి, చివరిదాకా దాన్ని కాచుకోవాలి. అందుకే ఇంగ్లీషమ్మాయి పేపరు మీద పారిస్ మేష్టారు ‘ప్లాను లేదు’ అని ఎర్ర సిరాతో రాస్తారు. ఫ్రెంచి కుర్రాడి వ్యాసం మొత్తం ఓపిగ్గా చదివిన లండన్ మేష్టారు, ‘చాలా బాగుంది బాబూ, ఇంతకీ నువ్వేమంటావు?’ అని అడుగుతారు.

వాళ్లు చదివే చట్టాలే ఒకదానికొకటి పొసగవు. ఫ్రాన్సుది 1804లో నెపోలియన్ రాయించిన స్మృతి, ఇంగ్లండుది జడ్జీల తీర్పులు పేర్చుకుంటూ కట్టిన ఇల్లు. గోదావరి జిల్లాల పెద్దవాళ్లకి ఈ తేడా లండన్ వెళ్లకుండానే తెలుసు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్లది, చుట్టూ ఉన్నదంతా 1947 దాకా ఇంగ్లీషువాళ్లది. 1930లో బాల్య వివాహాల మీద శారదా చట్టం అమల్లోకి వచ్చాక చిన్నపిల్లల పెళ్లిళ్లకి జనం బళ్లు కట్టుకుని యానాం పోయారు. అక్కడ ఆ చట్టం లేదు మరి.

వంటగదికి వద్దాం, అసలు యుద్ధభూమి అదే. ఫ్రెంచి కుర్రాడు ఉమ్మడి ఫ్రిజ్‌లో కామంబేర్ జున్ను పెడతాడు. రెండో రోజుకి దాని వాసన నడవాలోకి వస్తుంది. ఇంగ్లీషువాళ్లు నోరెత్తరు. మూడో రోజు ఫ్రిజ్ తలుపు మీద ఒక చీటీ వెలుస్తుంది. ఎవరి పేరూ ఉండదు. ఎవరికైనా ఇబ్బంది కలిగిస్తే క్షమించాలని మొదలై, వీలైతే డబ్బాలో పెడితే ఎంతో సంతోషిస్తామని ముగుస్తుంది. ఆ చీటీ తనకేనని కుర్రాడికి తట్టదు. ఫ్రాన్సులో అయితే తలుపు కొట్టి మొహం మీదే అడిగేవారు, పది నిమిషాలు అరుచుకునేవారు, తర్వాత అదే జున్ను కలిసి తినేవారు. జున్ను మీద ఇంగ్లీషువాళ్ల పగ మార్మైట్ తీరుస్తుంది. బీరు తయారీలో మిగిలిన ఈస్టుతో 1902 నుంచి చేస్తున్న ఆ నల్లటి ఉప్పు లేహ్యాన్ని చాక్లెట్ అనుకుని రొట్టె మీద దట్టంగా పూస్తాడు. సీసా లేబుల్ మీద ఉన్న బొమ్మ ఫ్రెంచి వంటపాత్రదే కావడం విధి విలాసం.

మధ్యాహ్నం భోజనం దగ్గర రాజీ కుదరదు. ఫ్రెంచి విద్యార్థి క్యాంటీన్లో కూర్చుని తినాలి, మాట్లాడాలి, కాఫీ తాగాలి. పనిచేసే గదిలో ఉద్యోగులు భోంచేయకూడదని ఆ దేశపు కార్మిక చట్టంలోనే ఉంది. కోవిడ్ వచ్చాక 2021లో దాన్ని తాత్కాలికంగా సడలించాల్సి వచ్చింది. ఇంగ్లీషమ్మాయి లాప్‌టాప్ ముందు శాండ్‌విచ్ నములుతూ ఆ ముక్కలు కీబోర్డులో రాలుస్తుంది.

కుళాయి విషయంలో మాత్రం ఫ్రెంచివాళ్ల పక్షాన మాట్లాడక తప్పదు. ఇంగ్లండు పాత హాస్టళ్లలో వేడినీళ్లకో కుళాయి, చన్నీళ్లకో కుళాయి. ఒక చెయ్యి ఉడుకుతుంది, ఇంకోటి కొంకర్లు పోతుంది. వేడినీళ్లు అటక మీది తొట్టి నుంచి వచ్చేవి కాబట్టి తాగే నీళ్లతో కలవకూడదని ఒకప్పుడు అలా విడదీశారు. తొట్లు పోయాయి, కుళాయిలు మిగిలాయి.

టైము దగ్గర ఫ్రెంచివాళ్లు మనకి దగ్గరి చుట్టాలు. ఎనిమిదింటికి పార్టీ అంటే పావుగంట ఆలస్యంగా వెళ్లడం వాళ్ల మర్యాద. ఎనిమిది కొట్టేసరికి గుమ్మంలో నిలబడ్డ ఇంగ్లీషమ్మాయికి తల తుడుచుకుంటూ తలుపు తీస్తారు. పెద్దవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 1911లో ఫ్రాన్సు లండన్‌లోని గ్రీనిచ్ టైముకి మారినప్పుడు చట్టంలో గ్రీనిచ్ పేరే రానివ్వలేదు. పారిస్ టైములోంచి 9 నిమిషాల 21 సెకన్లు తగ్గించాలని రాసుకుని పరువు దక్కించుకున్నారు.

ఊరేగింపులంటారా, అక్కడ ఇంగ్లీషు పిల్లలు శిష్యరికం చేయాల్సిందే. ఇరవై ఆరేళ్లలోపు వాళ్లని మొదటి రెండేళ్లలో కారణం చెప్పకుండా ఉద్యోగంలోంచి తీసేయొచ్చని 2006లో ఫ్రాన్సు చట్టం చేస్తే, విద్యార్థులు యూనివర్సిటీలు మూసేసి ఏప్రిల్ కల్లా దాన్ని వెనక్కి తీయించారు. ఇంగ్లండులో ఫీజుల గరిష్ఠ పరిమితిని 9,000 పౌండ్లకి పెంచుతామంటే 2010లో పిల్లలు వేలల్లో వీధికెక్కారు, యువరాజు చార్లెస్ కారు అద్దం కూడా పగిలింది. డిసెంబరు 9న పార్లమెంటు 21 ఓట్ల తేడాతో పెంచనే పెంచింది. ప్రభుత్వ యూనివర్సిటీలో ఏడాదికి రెండు వందల యూరోలు దాటని ఫీజు కట్టే ఫ్రెంచి కుర్రాడు ఈ కథ విని ఏమీ అనలేదంటే అది ఒట్టి జాలి.

2020 చివర్లో బ్రిటన్ ఎరాస్మస్ నుంచి తప్పుకుంది. 2027లో మళ్లీ చేరడానికి ఒప్పుకుంది. ఏదేమైనా పై చదువుకి వెళ్లే ఇద్దరికీ వీసా కాగితాలు తప్పవు. పారిస్‌లో అద్దె గది దొరకాలంటే వీసా ఒక్కటే చాలదు, హామీదారు కూడా కావాలి. ఆయన సంపాదన అద్దెకి మూడింతలు ఉండాలి, జీతం చీటీలు మూడు నెలలవి చూపాలి, పన్ను కాగితం జతచేయాలి. నాన్నగారి జీతమెంతని ఇరవై ఏళ్లలో ఒక్కసారీ అడగని ఇంగ్లీషమ్మాయి, ఆ చీటీలు మూడూ పారిస్‌లో ముక్కూమొహం తెలియని ఇంటి ఓనరుకి పంపమని ఇప్పుడు ఆయనకి ఫోన్ చేయాలి.