ఇల్లు తప్ప అన్నీ చూశాం

హైదరాబాదులో ఫ్లాటు కొనేవాడికి ఉన్నంత పరిశోధనాసక్తి పీహెచ్‌డీ చేసేవాళ్లకు కూడా ఉండదు. ఈస్ట్ ఫేసింగా కాదా చూస్తాడు, అయితే దానికి బిల్డరు అదనంగా లాగే డబ్బు సంతోషంగా కడతాడు. ఈశాన్యంలో టాయిలెట్ లేదని, ఆగ్నేయంలోనే పొయ్యి ఉందని ఫోనులో దిక్సూచి పెట్టి నిర్ధారిస్తాడు. (చుట్టూ గోడల్లో, శ్లాబులో అంత ఇనుము ఉంటే ఆ ముల్లు తడబడుతుందని వాస్తు సిద్ధాంతిగారు చెప్పరు.) ఆస్తి మీద అప్పులేమీ లేవని ఈసీ తీయిస్తాడు. లింకు డాక్యుమెంట్లు లాయరుకిచ్చి ఒపీనియన్ రాయిస్తాడు. చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) పరిధిలో ఉందేమో అని కూడా ఇప్పుడు అడుగుతున్నాడు; 2024లో ఆక్రమణలు కూల్చే హైడ్రా బుల్డోజర్లు వచ్చి ఆ పాఠం చెప్పి వెళ్లాయి మరి. ఇన్నీ అయ్యాక కోటి రూపాయల ఇంటి గోడ మీద ఒకసారి చెయ్యేసి, "బాగానే ఉంది కదూ" అని భార్యనడిగి అడ్వాన్సు ఇచ్చేస్తాడు.

బెండకాయ కొన విరిచి చూడందే తక్కెట్లో వెయ్యనివ్వని మనిషే ఈయన.

ఒక సివిల్ ఇంజినీరును తీసుకెళ్లి ఇల్లు పరీక్ష చేయించుకోవచ్చు కదా అనండి, ఎలాంటి సమాధానాలొస్తాయో. "బిల్డరు మనోడేనండీ." మనోడైతే సిమెంటు త్వరగా గట్టిపడుతుంది కాబోలు. "కొత్త బిల్డింగే కదా." కొత్తదే, అందుకే అందులో ఏముందో ఇంకా ఎవరికీ తెలియదు. అన్నిటికంటే గట్టి వాదన: "బ్యాంకు లోనిచ్చిందంటే అన్నీ బాగున్నట్టే." బ్యాంకు పంపే వాల్యుయర్ వచ్చేది రేపు మీరు వాయిదాలు ఎగ్గొడితే ఈ ఆస్తి ఎంతకు అమ్ముడుపోతుందో చూడ్డానికి. మీ బాత్రూము నీళ్లు కింది ఫ్లాటువాళ్ల పూజగదిలో కురుస్తాయా అన్నది ఆయన ఫారంలో లేని ప్రశ్న. ఆయన ఫీజు మీరే కడతారు, ఆయన పనిచేసేది మాత్రం బ్యాంకుకు.

"ఆ ఇన్‌స్పెక్షన్ వాళ్లకు లైసెన్సేమన్నా ఉందా?" అని ఇంకొందరు నిలదీస్తారు. నిజమే, ఈ పనికి మన దగ్గర ప్రత్యేకంగా లైసెన్సంటూ లేదు. సిద్ధాంతిగారికీ లేదు. ఆయన మాట మీద మాత్రం వంటిల్లు పగలగొట్టి మళ్లీ కట్టిస్తాం.

ఇంతకీ ఆ వచ్చినవాడు చేసేది బ్రహ్మవిద్యేమీ కాదు. కర్రతో టైల్సు మీద తడతాడు. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు సరిగా పరవలేదని అర్థం. బాత్రూము తూము మూసి, నీళ్లు నింపి, ఒక రోజు వదిలేసి కింది ఇంటి పైకప్పు చూస్తాడు. రసమట్టం పెట్టి నీళ్లు తూమువైపు పోతాయా, పడగ్గదివైపు పోతాయా చెబుతాడు. ప్లగ్గుల్లో ఎర్తింగ్ ఉందో, పేరుకి మూడో కన్నం మాత్రమే ఉందో తేలుస్తాడు. గోడకు మీటరు ఆనించి చెమ్మ కొలుస్తాడు. శ్లాబుకు కనీసం ఏడు రోజులు, ఫ్లైయాష్ లాంటివి కలిసిన సిమెంటయితే పది రోజులు, నీళ్లు పెట్టాలని కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ఏప్రిల్‌లో వేసిన శ్లాబుకు ట్యాంకరు రాని వారం నీళ్లు ఎవరు పెట్టారో ఆ దేవుడికే తెలియాలి. మనం వెళ్లేసరికి లప్పం పట్టించి, రెండు కోట్లు రంగేసి, లాబీలో పూలకుండీ కూడా పెట్టి ఉంటారు.

2022 ఫిబ్రవరిలో గురుగ్రామ్‌లో ఒక ఖరీదైన అపార్టుమెంటులో ఆరో అంతస్తులో కొంత భాగం కూలి, కింది అంతస్తుల కప్పులను వరసగా లాక్కుపోయింది. ఇద్దరు చనిపోయారు. తర్వాత పరీక్షించిన ఐఐటీ ఢిల్లీ నిపుణులు కాంక్రీటులో క్లోరైడు ఉందని, లోపలి ఇనుము తుప్పు పట్టిందని తేల్చారు. ఆ గోడలకూ లప్పం నున్నగానే పట్టించి ఉంటారు.

మన ఎన్నారై బంధువు సంగతి మరీ విచిత్రం. డాలస్‌లో ఇల్లు కొన్నప్పుడు ఇన్‌స్పెక్టరు రిపోర్టు చేత్తో పట్టుకుని, పైకప్పు షింగిల్సు రెండు లేచాయని అమ్మేవాడితో ధర తగ్గించుకున్నాడు. అక్కడి బంకమట్టి వానకు ఉబ్బి ఎండకు కుంగుతుందని, పునాది జాగ్రత్త అని మనకు ఫోనులో క్లాసు పీకాడు. (అక్కడా ఈస్ట్ ఫేసింగే వెతుక్కున్నాడనుకోండి.) నల్లరేగడికీ అదే గుణం ఉందని ఆయనకు తెలుసు, ఊళ్లో పుట్టినవాడే. అయినా ఇక్కడ ఫ్లాటును వీడియో కాల్‌లో కొన్నాడు. సేల్స్ కుర్రాడు కెమెరాను స్విమ్మింగ్ పూల్ మీద నుంచి కదిలించలేదు.

ప్రీలాంచ్‌లో కొన్నవాణ్ణి మాత్రం ఏమీ అనలేం. రెరా రిజిస్ట్రేషను లేకుండా అమ్మకూడదని చట్టం అంటున్నా, ఖాళీ స్థలానికి మొత్తం డబ్బు కట్టేసినవాడు ఇంజినీరును పిలిచి ఏం చూపిస్తాడు, బ్రోచరు తప్ప? సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడిది ఇంకో ఇబ్బంది. ఇంజినీరును తెస్తానంటే "అవతల పార్టీ క్యాషుతో కూర్చుందండీ" అంటాడు ఓనరు. ఆ క్యాషు మాట వినగానే మనకు గొంతు పెగలదు, మన సంచిలో ఉన్నదీ అదే గనక.

చట్టం మనవైపు లేదనుకుంటున్నారేమో. ఇల్లు చేతికొచ్చాక అయిదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరు పైసా తీసుకోకుండా సరిచేయాలని 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షను చెబుతోంది. అడగడానికి మన చేతిలో ఏముంటుంది? "అన్నీ పరిశీలించి, తృప్తిగా స్వాధీనం చేసుకున్నాను" అని మనం సంతకం పెట్టిన కాగితం. గృహప్రవేశం ముహూర్తం బుధవారం తెల్లవారుజామున కాబట్టి ఆ సంతకం మంగళవారం సాయంత్రమే పెట్టాలి. ముహూర్తం తేదీ మనకంటే ముందు బిల్డరుకు గుర్తుంటుంది.

బుధవారం పాలు పొంగుతాయి. జూన్‌లో గోడ చెమరుస్తుంది. ఫొటో తీసి అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెడతాం. అయిదు నిమిషాల్లో సెక్రటరీగారి నుంచి విడిగా ఒక మెసేజీ వస్తుంది: "సార్, దయచేసి లీకేజీ ఫొటోలు గ్రూపులో పెట్టకండి. 302 వాళ్లు అమ్మకానికి పెట్టారు, రేటు పడిపోతుంది."