ఆటో రిప్లై పద్యద్వయం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: జ్యూరిక్‌లో ఒక తమ్ముడు, న్యూజెర్సీలో ఒక అన్న. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ నమ్ముకుని బతుకుతున్నవారే. ఇద్దరూ ఒకే ఆగస్టులో సెలవు పెట్టి, ఆఫీసు మెయిలుకు తలా ఒక ఆటో రిప్లై తగిలించి ఊరెళ్ళారు. ఎవరో పనిలేని ఛందోభిమాని ఆ రెంటినీ ఆటవెలదుల్లోకి దించాడు. కవి పేరు తెలియదు. పైకి తేలికగా కనిపించే ఈ పద్యాల్లో రెండు దేశాల కార్మిక చట్టాలు దాగి ఉన్నందువల్ల వ్యాఖ్యానం అవసరమైంది.

మొదటిది, తమ్ముడి పద్యం:

సెలవులోన మెయిలు చేరదు నాచెంత
వచ్చి చూతు దాని పదవ తేది
అంత తొందరైతె ఆఫీసు వారుండ్రు
అడుగు వారి నచట హాయి నాకు

ప్రతిపదార్థం: సెలవులోన = చట్టము ప్రసాదించిన విశ్రాంతి దినములయందు; మెయిలు = మేనేజరు పంపు లేఖ; నాచెంత = నేనున్న కొండ దాపునకు; చేరదు = రాదు, వచ్చినను తెరువను; పదవ తేది = పదవ తేదీ ఉదయము, అనగా తొమ్మిదవ తేదీ రాత్రి కాదు; చూతు = చూచెదను; ఆఫీసు వారుండ్రు = సెలవు పెట్టని తక్కినవారు కలరు; అచట = అక్కడనే; అడుగు = అడుగుము; హాయి = సుఖము; నాకు = నాకే.

తాత్పర్యం: నన్ను కదపకండి.

విశేషం: ‘చట్టము ప్రసాదించిన’ అన్న మాట పద్యంలో లేదు, మేమే చేర్చాం. పద్యం ధీమా అంతా అక్కడే ఉంది. స్విట్జర్లాండ్‌లో ఉద్యోగికి ఏడాదికి కనీసం 4 వారాల జీతపు సెలవు చట్టప్రకారం దక్కాలి. ఇరవై నిండనివారికి 5 వారాలు. అందులో కనీసం రెండు వారాలు ఒక్క ఊపున తీసుకోవాలనీ, ఉద్యోగంలో ఉండగా సెలవుకు బదులు డబ్బు పుచ్చుకోరాదనీ ఆ చట్టంలోనే ఉంది. సరెండర్ లీవు డబ్బుతో ఫ్రిజ్జు కొన్న మన గవర్నమెంటు తరానికి ఇది ఉత్త దౌర్జన్యంగా తోచవచ్చు.

శంక: అయితే వీళ్ళు సోమరులా?

సమాధానం: కారు. 2012 మార్చిలో, అందరికీ 6 వారాల సెలవు ఇద్దామా అని ఆ దేశంలో ఓటింగు పెడితే, ఓటేసినవారిలో మూడింట రెండు వంతులమంది వద్దన్నారు. ఎక్కువ సెలవు ఇస్తామంటే వద్దని ఓటేసిన జనం పురాణాల్లో కూడా కనబడరు. వారానికి 42 గంటల పని అక్కడ మామూలు. అమెరికాలో 40 దాటితే ఓవర్‌టైమని 1938 చట్టం చెబుతుంది గాని, జీతగాడైన మన అన్నలాంటివారిలో చాలామందికి ఆ ఓవర్‌టైము వర్తించదు.

శంక: మూడో పాదంలో ‘తొందరైతె ఆఫీసు’ అన్నచోట సంధి చేయలేదే, ఇది దోషం కాదా?

సమాధానం: లాక్షణికులకు దోషమే. కాని తొందరకూ ఆఫీసుకూ నడుమ కొంత ఖాళీ ఉంచడమే కవి ఉద్దేశమని మా మనవి.

ఇక ‘హాయి’ అన్న పదం దగ్గర కాసేపు ఆగాలి. ఇది ఊరికే వచ్చిన హాయి కాదు. తమ్ముడుండే అపార్ట్‌మెంటు కింద, నేలమాళిగలో, అందరికీ కలిపి ఒక ఉతుకుడు గది. గోడకు ఒక పట్టిక, అందులో తన వంతు వచ్చిన రోజునే ఉతుక్కోవాలి. ఉతికాక మిషను తలుపు రబ్బరు తుడవాలి, డ్రయ్యరు జాలీలో మిగిలిన నూగంతా వేలితో తీసి పారేయాలి. ఒక్క పోగు మిగిలినా మర్నాటి వంతువారు మర్యాదగా చీటీ అంటిస్తారు. ఆదివారం మిషను వేయడానికి చాలా ఇళ్ళలో ఒప్పుకోరు. ఆదివారం ఖాళీ సీసా డబ్బాలో పడేసినా చప్పుడే, కనుక అదీ కూడదు. రైల్వే స్టేషన్లలోనివి తప్పిస్తే దుకాణాలు దాదాపు అన్నీ మూతే. శనివారం సాయంత్రంలోగా శ్రీలంక తమిళుల కొట్టుకు వెళ్ళి కరివేపాకు తెచ్చుకోకపోతే ఆదివారం పోపు బోసిగా వేగాల్సిందే. చెత్త వేసే సంచికి కూడా చాలా ఊళ్ళలో పన్ను. ఒకరి ఆదివారాన్ని ఇంకొకరు పాడుచేయకూడదన్న నియమం ఇంట్లో ఇంత గట్టిగా ఉన్నచోట, ఆఫీసు మాత్రం సెలవును పాడుచేస్తుందా? అన్నకు ఈ బాధలేమీ లేవు. మిషను ఇంట్లోనే ఉంది. ఆదివారం అర్ధరాత్రి ఉతికినా అడిగేవాడు లేడు, ఇండియన్ స్టోర్సూ తెరిచే ఉంటుంది.

‘నాకు = నాకే’ అని టీక రాశాం, గమనించారా? ఇంటావిడకు హాయి అని కవి ఎక్కడా అనలేదు. జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో చాలా చోట్ల చిన్నపిల్లలు మధ్యాహ్నం బడినుంచి భోజనానికి ఇంటికే వస్తారు. వండి పెట్టేవాళ్ళుండాలి గనుక అమ్మ ఉద్యోగం 60 శాతానికో 40 శాతానికో దిగుతుంది. ఆ దేశంలో ఉద్యోగ ప్రకటనల్లో శాతాలు అచ్చువేస్తారు. దేశమంతటికీ వర్తించే జీతపు ప్రసూతి సెలవు వచ్చింది 2005లో, అదీ 14 వారాలు. కాబట్టి స్వర్గమని తొందరపడి అనవద్దు. అమెరికాలో 1993 చట్టం ఇచ్చేది 12 వారాలే, అదీ జీతం లేకుండా.

రెండవది, అన్న పద్యం:

సెలవు నాకు గాని సెల్లుండు చేతిలో
మెయిలు చూచుచుందు మెలకువైన
రాత్రి పగలు లేదు రారండి ఫోనులో
సెలవు పెట్టినందు సిగ్గు నాకు

దీనికి ప్రతిపదార్థం అక్కర్లేదు, అర్థం చదువుతుండగానే గుచ్చుకుంటుంది. ‘పెట్టినందుకు’ అనవలసినచోట ‘పెట్టినందు’ అన్నాడు. ఈ పద్యంలో నిజంగా సెలవులో ఉన్నది ఆ షష్ఠీ విభక్తి ప్రత్యయం ఒక్కటే.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో చివరి పాదం ‘సెలవు పెట్టినందు చింత నాకు’ అని ఉంది. యతి రెంటికీ కుదురుతుంది. ‘సిగ్గు’ పాఠాన్ని సమర్థించేవారు, అమెరికావారిది పనిని పూజించే స్వభావమనీ, మనవాళ్ళకూ ఆ గాలి సోకిందనీ అంటారు. ఈ మాట మాకు నచ్చలేదు. మా దృష్టిలో ‘చింత’ అన్నదే సాధుపాఠం. కారణాలు చెబుతాం.

అమెరికా ఫెడరల్ చట్టం ఒక్క రోజు జీతపు సెలవు కూడా ఇవ్వమనదు, ఇస్తే అది కంపెనీ ఇష్టం. కొన్ని కంపెనీలు ‘అపరిమిత సెలవు’ అని ప్రకటిస్తాయి. ఎంత తీసుకుంటే ఎవరి భ్రుకుటి ముడిపడుతుందో తెలియక జనం తక్కువే తీసుకుంటారని అన్న అనుభవం. మోంటానా తప్ప తక్కిన రాష్ట్రాల్లో కారణం చెప్పకుండా ఉద్యోగంలోంచి తీసేయవచ్చు. చాలా కుటుంబాల ఆరోగ్య బీమా ఆ ఉద్యోగం ద్వారానే వస్తుంది. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే సాధారణంగా గరిష్ఠంగా 60 రోజుల గడువు, ఆలోగా ఇంకో ఉద్యోగమో దారో చూసుకోవాలి. ఇంటిల్లిపాది చొక్కాలూ ఒకే మేకుకు తగిలించినట్టుంది వ్యవహారం. ఆ మేకు కదలకుండా చూసుకోవడానికే బీచి ఒడ్డున కూడా చేతిలో ఫోను. దీన్ని స్వభావం అనడం అన్యాయం.

తమ్ముడికి బీమా 1996లో అమల్లోకి వచ్చిన చట్టంతో తప్పనిసరి. కాని అది కంపెనీది కాదు, ఎవరి పేరున వారు కొనుక్కునేది. పుట్టిన పసిగుడ్డుకూ విడిగా ప్రీమియం కట్టాలి, అది తక్కువేమీ కాదు, పంటి వైద్యం సాధారణంగా అందులో రాదు. అయినా ఉద్యోగం పోయిన రోజున బీమా కార్డు పోదు. మొదటి ఏడాది ఒక నెల, తరవాత రెండు నెలలు, పదో ఏట నుంచి మూడు నెలల నోటీసు అక్కడి చట్టంలో మామూలు లెక్క. అందుకే ‘చేరదు నాచెంత’ అని అంత తాపీగా అనగలిగాడు. అన్నకన్నా గుండె ధైర్యం ఎక్కువై కాదు.

ఫలశ్రుతి: ఈ పద్యద్వయాన్ని పఠించినవారికి ప్రమోషన్ రాదు, గ్రీన్ కార్డూ రాదు. చేతికి ఆఫర్ లెటరు వచ్చినవారు మాత్రం జీతం అంకె దగ్గరే ఆగిపోకండి. సెలవు ఎన్ని వారాలు, నోటీసు ఎన్ని నెలలు, బీమా ఎవరి పేరున అన్న మూడు సంగతులూ సంతకానికి ముందే రాతలో అడిగి తీసుకోండి.