గుండుసూదుల వదిన

వదిన కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. శని, ఆదివారాల్లో మాత్రం ఆవిడ కాపురం 14వ శతాబ్దపు ఐరోపాలో. మధ్యయుగాల వేషాలతో సరదాగా మేళాలు జరిపే సంఘం ఒకటి 1966లో అక్కడే, బర్కిలీలో పుట్టింది. ఆ మేళాల్లో కత్తిసాము వాళ్లుంటారు, కుట్టుపని వాళ్లుంటారు. కత్తివాళ్లు ఎదుటివాడు సరేనంటేనే దిగుతారు. వదిన గుండుసూదులు ఎవరినీ అడగవు.

ఆవిడ పట్టుదల ఒక్కటే. లోపల బ్రా లేకుండా గౌనే ఛాతీని నిలబెట్టాలి. ఒంటికి అంటిపెట్టుకునే ఆ గౌను పేరు కర్టిల్. బరువు భుజాల మీద పడిందంటే ఆవిడ లెక్కలో అది గౌను కాదు, గోనెసంచి. రొమ్ముల కింది నుంచి నడుము దాకా బట్ట గట్టిగా పట్టాలి. చిన్న ఛాతీకి ముందు కుట్టు తిన్నగా వచ్చినా చాలు. నిండు ఛాతీకి అదే కుట్టును పైన బయటికి వంచి, కింద లోపలికి లాగాలి. జారిన ఛాతీ అయితే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, పైకి సర్ది, అప్పుడు సూదులు గుచ్చాలి. రెండు వైపులా సమానంగా లేవని ఎవరైనా ముడుచుకుపోతే, "ఎవరికున్నాయే, సిగ్గెందుకు?" అని ఏ పక్కకా పక్క విడిగా కుదురుస్తుంది. అక్కడ మాత్రం వదిన బంగారం.

ఆడపడుచు అమెరికా చూద్దామని వెళ్లింది. గోల్డెన్ గేట్ వంతెన కన్నా ముందు వదిన హాలు పైకప్పు చూసింది, తివాచీ మీద వెల్లకిలా పడుకుని.

"ఊపిరాడట్లేదు వదినా!"

"అయితే కుదిరినట్టే. కదలకు."

ఆవిడతో సినిమాకెళ్లడం ఇంకో శిక్ష. రాణిగారు ప్రాణాలు విడుస్తుంటే హాలంతా ముక్కులు తుడుచుకుంటుంది, వదిన ఒక్కతే "తాడు దూర్చే కన్నాలకు ఇనప రింగులా! అవి 19వ శతాబ్దానివి, ఇక్కడ దారంతో కాజా కుట్టాలి" అని మండిపడుతుంది.

ఆవిడను కాస్త తగ్గించింది ఆస్ట్రియాలోని లెంగ్‌బెర్గ్ కోట. 2008లో మరమ్మతులప్పుడు అక్కడ ఒక గది నేల కింద పూడికలో 2,700కు పైగా బట్ట ముక్కలు దొరికాయి. వాటిలో నాలుగు, 15వ శతాబ్దపు లినెన్ బ్రాల్లాంటివి. గౌనే మోస్తే ఇవెందుకన్నట్టు! 2012లో వార్త ప్రపంచమంతా పాకింది. ఎవరైనా ఆ మాటెత్తితే చాలు, వదిన "అది ఆ కోటవాళ్ల అలవాటు" అని తోసిపారేస్తుంది. అలా అంటూనే ఒకటి కుట్టేసుకుంది కూడా.

గౌను సంగతికొస్తే, తిట్టుకుంటూ తొడుక్కున్న ఆడపడుచు రాత్రి దాకా విప్పలేదు. భుజాలు లాగట్లేదట.

డిసెంబర్లో వదిన విజయవాడ వస్తోంది. బంధువులు గమనించగలరు.