ముక్కు కిందికి: ఒక కడలిపిట్టకు టీకాతాత్పర్యం

మూలం: ఎర్రముక్కు కిందికి, తెల్లరెక్క పైకి, నల్లటోపీ చేప మీదికి.

టీక: ఎర్రముక్కు = పగడపు రంగు గలిగి, కొన నల్లబారిన బలమైన ముక్కు; కిందికి = నీటికేసి నిటారుగా; తెల్లరెక్క = రెండూ చాచితే నాలుగడుగులు దాటునది; నల్లటోపీ = నుదుటి నుండి మెడ వెనుక దాకా పరచుకొని, చలికాలమున తెల్లచారలు పడునది; చేప మీదికి = దూకునని మాత్రమే అర్థము, దొరుకునని కాదు. ఈ లక్షణములు గలది కాస్పియన్ టెర్న్. టెర్న్‌లన్నింటిలో ఇదే పెద్దది. 1770లో పల్లాస్ అనే పండితుడు దీనికి కాస్పియన్ సముద్రం పేరు తగిలించాడు. పులికాట్ ఒడ్డున తల పైకెత్తి చూసేవాడికి ఆ పేరు ఏ సాయమూ చేయదు.

తాత్పర్యం: ఈ పిట్టను రంగుతో కాదు, వేటాడే తీరుతో గుర్తించాలని మూలకారుని ఆశయం. దీనికి పూర్వపక్షం బలమైనదే. అంత ఎర్రటి ముక్కు ఉండగా తీరుతెన్నుల గొడవ ఎందుకంటారు. మనకు చలికాలపు చుట్టమైన గోధుమతల గల్‌కూ ఎర్రముక్కే, దాని కొనా నలుపే. ఆ సాక్షిని నమ్మితే తీర్పు తలకిందులవుతుంది. గల్ నీటి మీద తేలుతుంది, పడవల వెంటపడి పారేసిన చేపముక్కలు ఏరుకుంటుంది. ఎగిరేటప్పుడు ముక్కు ముందుకే ఉంటుంది. టెర్న్ అలా కాదు. తల వంచి నీళ్లు వెతుకుతూ సాగి, గాలిలో ఒక్కచోట రెక్కలాడిస్తూ నిలిచి, తటాలున తలకిందులుగా పడుతుంది. లకుముకి కూడా అలాగే నిలిచి దూకుతుంది కదా అంటే, నిజమే, నలుపుతెలుపుల లకుముకి ఆ పని చేస్తుంది. కానీ పావురమంత కూడా లేని ఆ పిట్ట ముక్కు నల్లనిది. ఈ విద్య పుట్టుకతోనే అబ్బుతుందనుకోవడమూ పొరపాటే. ఎగరడం వచ్చాక కూడా పిల్లలు నెలల తరబడి తల్లిదండ్రుల వెంట తిరుగుతూ, సన్నగా ఈలవేసి చేపలు అడుక్కుంటాయి. పెద్దలది మాత్రం బొంగురు గొంతు.

ఇసుక మీద ఊరికే నిలబడ్డ పిట్ట సంగతేమిటన్నది ఇక మిగిలిన ఆక్షేపణ. అప్పుడు రంగే గతి. టెర్న్ కాళ్లు నలుపు, ఎదిగిన గల్ కాళ్లు ఎరుపు. కాళ్లు బురదలో దిగబడి ఉంటే వ్యాఖ్యాత చేయగలిగిందేమీ లేదు, పిట్ట ఎగిరేదాకా ఆగడమే.