లంబసింగి అద్దె పత్రానికి లఘుటీక

మూలము: "ఇందుమూలముగా లంబసింగి గ్రామమందలి ఇంటిని పదకొండు నెలల కాలమునకు ఉన్నది ఉన్నట్లుగా అద్దెకు పుచ్చుకున్నవారై, ఖాళీ చేయునాడు సాధారణ అరుగుదల మినహా యథాస్థితిలో అప్పగించువారు."

ప్రతిపదార్థము:

ఇందుమూలముగా = పాదపూరణము. దస్తావేజు లేఖరులకు ఇది లేనిదే కలం కదలదు.

పదకొండు నెలల = ఏడాది కానట్టి. 1999లో రాష్ట్రం సవరించే దాకా, ఏడాది దాటిన లీజునే రిజిస్టరు చేయించమనేది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఆ ఖర్చుకు జడిసి పుట్టిన సంఖ్య ఇది.

ఉన్నది ఉన్నట్లుగా = కారే రేకు కారుతూ, మూతపడని కిటికీ మూతపడకుండా. ఊరు సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది గనుక ఈ విశేషణం స్వారస్యం జనవరి తెల్లవారుజామున గాని బోధపడదు.

సాధారణ అరుగుదల = ఇక్కడ మతభేదాలున్నాయి. గోడకు కొట్టిన మేకు అరుగుదలే అని అద్దెకున్నవారు, ముమ్మాటికీ నష్టమని ఇంటివారు. అడ్వాన్సు ఇంటివారి దగ్గర ఉంటుంది కాబట్టి వారిది సిద్ధాంతం, తక్కినది పూర్వపక్షం. దిగేముందే గోడలు ఫొటోలు తీసి, మీటరు రీడింగు పత్రంలో రాయించినవాడికి ఈ శాస్త్రచర్చ తప్పుతుంది.

తాత్పర్యము: స్పష్టము.

విశేషము: స్పష్టమని సంతకం పెట్టేవారు చాలామంది. మూలంలో లేని 'గిరిజనులైన' అనే పదాన్ని ఇక్కడ అధ్యాహారం చేసుకోవాలి. లంబసింగి ఉన్న చింతపల్లి మండలం షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో వచ్చిన సవరణ (జనం నోట 'వన్ ఆఫ్ సెవెంటీ') ఇక్కడ అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం అమ్మకం, తాకట్టు, దానంతోపాటు లీజు కూడా బదలాయింపే. గిరిజనేతరుడికి చేస్తే చెల్లదు. ఇచ్చేవాడు గిరిజనేతరుడైనా అంతే. అనంతగిరి మండలం గనుల వివాదంలో సుప్రీంకోర్టు 1997 నాటి సమత తీర్పు, ప్రభుత్వం తన భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకివ్వడమూ చెల్లదంది. సర్కారుకే దక్కని వెసులుబాటు చలికాలం గుడారాలు వేద్దామని విశాఖ నుంచి వచ్చినవాడికి దక్కుతుందా?

శంక: పత్రం గిరిజనుడి పేర రాయించి, పెత్తనం మనం చేస్తేనో?

సమాధానం: ఇది శ్లేష. కవిత్వంలో రాణిస్తుంది. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న ఆస్తి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం మొదట అనుకుంటుంది. కాదని రుజువు చేసుకునే భారం అతనిదే. ఖాళీ చేయించే అధికారం ఏజెన్సీ అధికారులకుంది. అప్పుడు అడ్వాన్సు ఎవరు తిరిగిస్తారో మూలకారుడు రాయలేదు. ఇంటిని యథాస్థితిలో ఎవరు అప్పగించాలో మాత్రం రాశాడు.