నా వాటా ఎన్ని గజాలు?

హైదరాబాద్‌వాడికి చదరపు కిలోమీటరు ఎక్కదు. గజమైతే నిద్రలో లేపి అడిగినా రేటుతో సహా చెప్తాడు. అందుకే 2011 జనాభా లెక్కల్ని గజాల్లోకి మార్చుకున్నా.

తెలంగాణలో చదరపు కిలోమీటరుకు 312 మంది. ఆ లెక్కన ఛత్రినాకలో అద్దెకుండే నాకు 3,800 గజాల పైనే వస్తుంది! మా ఆవిడ మురిసిపోయి టమాటా మడి ఎటువైపో కూడా తేల్చేసింది. సాయంత్రం 2011 నాటి మహానగర పాలక సంస్థ పటం తీశా. 625 చదరపు కిలోమీటర్లు, 67 లక్షల పైచిలుకు జనం. వాటా 111 గజాలు. మడి పోయింది. హైదరాబాద్ జిల్లా పటం తీస్తే చదరపు కిలోమీటరుకు 18,172 మంది, నాకు 66 గజాలు. నేను కుర్చీలోంచి కదల్లేదు సుమా. ఆ 66లోనూ హుస్సేన్‌సాగర్ నీళ్లు, ఉస్మానియా క్యాంపస్ చెట్లు, కేబీఆర్ పార్కు నెమళ్లు కలిసే ఉన్నాయి. అవి తీసేసి గౌలీపురా, ఉప్పుగూడ గల్లీలే కొలిస్తే నా వాటా బయటికి చెప్పుకునేది కాదు. బోనాల ఆదివారం సంగతి అసలే అడక్కండి, ఆరోజు నా కాళ్లే నావి కావు.

పాత రంగారెడ్డి జిల్లాకు చదరపు కిలోమీటరుకు 707 మంది అని రాశారు. కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లనూ తాండూరు కంది చేలనూ ఒకే రోట్లో దంచితే వచ్చిన అంకె అది. 2016 అక్టోబరు 11న జిల్లాను మూడుగా కోసి, పాలమూరు ముక్కలు కొన్ని అతికించారు. ఎవరూ మూట సర్దలేదు. అదే 2011 జనం తెల్లారేసరికి మేడ్చల్-మల్కాజిగిరిలో 2,251, వికారాబాద్‌లో 274 అయ్యారు.

పేటల్ని కలిపి పెద్ద తునకలు చేసేకొద్దీ అద్దెలకూ కుర్రాళ్ల నేరాలకూ లంకె బిగుస్తోందని అమెరికాలో గెల్కె, బీల్ అనే పరిశోధకులు 1934లోనే క్లీవ్‌లాండ్ లెక్కలతో చూపారు. గీత గీసేవాడు తలచుకుంటే చుట్టరికాలూ కలుపుతాడన్నమాట.

ఇదంతా మా గల్లీ చాయ్ బండి దగ్గర విడమరిచి చెప్తున్నా. ఎదురుగా ట్రాలీ ఆటో, వెనక రెండు స్కూటర్లు, హారన్లు.

“నీ మూడువేల ఎనిమిదొందల గజాలు మంచిగనే ఉన్నయ్ గానీ అన్నా, జర ఆ కాలు మెట్టు మీదికి తీస్కో. ట్రాలీ పోవాలె.”